క్యాలెండరు మీది అంకెలు

మా వంటింట్లో సిలిండరు పక్క గోడకు ఒక క్యాలెండరు వేలాడుతుంటుంది. పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తారీఖు, ఒక్కపొద్దులు అన్నీ అందులోనే. ప్రతి ఆదివారం గడిలో వాటి పక్కన పెన్సిలుతో రాసిన ఒక సంఖ్య ఉంటుంది. అది కరెంటు మీటరు రీడింగు. నా భార్య పన్నెండేళ్ళుగా రాస్తోంది. నిరుటి దాకా నేను దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. వనపర్తిలో ఇల్లు, నాగర్‌కర్నూల్ దగ్గర బడి, ఇరవై ఆరేళ్ళుగా లెక్కల మాస్టారు ఉద్యోగం. సొంత గోడ మీది లెక్క చదవనివాణ్ణి కారు కొన్నాను, మిద్దె మీద ప్యానెళ్ళు పెట్టించాను, అంతటితో ఆగక ఇంకొకరి చేత కూడా పెట్టించాను. ఆ చివరిదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

2025 జనవరిలో ఎలక్ట్రిక్ కారు కొన్నాను. అంతకు రెండు నెలల ముందు, 2024 నవంబరు 18 నుంచి, తెలంగాణలో ఈ బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశారు. బిజినేపల్లి మీదుగా బడికి రోజూ రానూ పోనూ దాదాపు 80 కిలోమీటర్లు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాడికి పెట్రోలు ఖర్చు ఎంతో చెప్పనక్కర్లేదు. కారు కొనడం తప్పు కాదు, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. తప్పంతా దానికి కరెంటు పెట్టే దగ్గర మొదలైంది.

మా అక్క కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. వాడింట్లో మిద్దె మీద సోలారు, వాకిట్లో ఎలక్ట్రిక్ కారు, చలికాలం ఇల్లు వెచ్చబరచడానికి హీట్ పంపు ఉన్నాయి. హీట్ పంపంటే మనకు కొత్త వస్తువేమీ కాదు. మన ఏసీ గదిలోని వేడిని లాగి బయట పోస్తుంది, హీట్ పంపు బయటి చల్లగాలిలో ఉన్న కాస్త వేడినే లాగి లోపల పోస్తుంది. గీజరు ఒక యూనిట్ కరెంటుతో ఒక యూనిట్ వేడినే ఇస్తుంది. హీట్ పంపు వేడిని పుట్టించదు, మోస్తుంది, అందుకే అదే కరెంటుతో మూడింతల వేడిని లోపలికి చేరవేయగలదు. ఈ సంగతి వాడు ఫోనులో చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. ఆ తర్వాత వాడన్న మాట నా తలలో మేకులా దిగిపోయింది. "మామా, నేను కరెంటు ప్లాను మార్చుకున్న. అర్ధరాత్రి దాటినంక ఐదు గంటలు చానా సస్త. కారు గప్పుడే ఛార్జింగ్ పెడత."

వాడు చెప్పింది వాడి ఊళ్ళో నిజం. అక్కడ ఎవరి ప్లాను వాళ్ళు ఎంచుకుంటారు. ఎకానమీ సెవెన్ అని రాత్రి ఏడు గంటలు తక్కువ ధరకు ఇచ్చే పద్ధతి 1978లోనే వచ్చింది. రాత్రిళ్ళు వాడకం పడిపోయినా అణు విద్యుత్ కేంద్రాలు ఆగవు. ఇప్పుడు గాలిమరలు కూడా రాత్రంతా తిరుగుతుంటాయి. కరెంటు మిగిలిపోతుంది కాబట్టి చౌకగా ఇస్తారు. నేను ఆ కారణాన్ని వదిలేసి 'రాత్రి చౌక' అన్న రెండు మాటలే పట్టుకొచ్చి వనపర్తిలో నాటాను.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా, నాలుగు నెలలు, రోజూ రాత్రి పన్నెండున్నరకు అలారం. లేచి, లుంగీ సర్దుకుని, గేటు దగ్గరికి పోయి ప్లగ్గు పెట్టడం, మళ్ళీ పడుకోవడం. పొద్దున మొదటి పీరియడులో కళ్ళు మంటలు. పదో తరగతి పిల్లల మీద ఊరికే విసుక్కున్న రోజులున్నాయి. ఆ పిల్లలకు నా అలారంతో ఏం సంబంధం?

మన ఇళ్ళ బిల్లులో గంటల లెక్కే లేదు. అర్ధరాత్రి యూనిట్ ఎంతో మిట్టమధ్యాహ్నం యూనిట్ అంతే. లెక్కంతా నెలలో మొత్తం ఎన్ని కాల్చామన్న దాని మీదే. 2022 ఏప్రిల్ నుంచి నడుస్తున్న ధరలతో, బిల్లు కాగితం చేతిలో పెట్టుకుని మొదటిసారి కూడినప్పుడు నాకు చెమట పట్టింది. నెలకు వంద యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వంద 3.40, రెండో వంద 4.80. 200 దాటారో, మొదటి యూనిట్ నుంచే ధర మారిపోతుంది. తొలి 200 యూనిట్లూ 5.10, తర్వాతి వంద 7.70, ఆ తర్వాతి వంద 9 రూపాయలు, 400 నుంచి 800 దాకా 9.50, పైన 10.

మా ఇల్లు కారు రాకముందు 180 యూనిట్ల దగ్గర ఉండేది. ఇతర చార్జీలు పక్కన పెడితే 724 రూపాయలు. కారుకు నెలకు 320 దాకా పోతున్నాయి, మొత్తం 500. బిల్లు 3,640. అంటే కారు తాగిన ఒక్కో యూనిట్ 9 రూపాయల 11 పైసలు. నేను దాన్ని మనసులో రెండు, మూడు రూపాయలే అనుకుంటూ నాలుగు నెలలు నిద్ర చెడగొట్టుకున్నాను.

ఫిబ్రవరి బిల్లు వచ్చిన రోజే నా భార్య అడిగింది. "రాత్రి పెట్టినా పగలు పెట్టినా మీటరు ఒక్క తీర్గనే తిరుగుతుంది గదండీ. నేను రాసి పెట్టిన, సూడుండ్రి." నేను చూడలేదు. "ఇంగ్లండుల ఇంజనీరు చెప్పిండు, నీకేం తెల్సు" అన్నాను. ఇది నేను అన్న మాటే, అక్షరం మార్చలేదు. ఆమె క్యాలెండరు వైపు ఒకసారి చూసి రొట్టెలు కాల్చుకోవడానికి పోయింది.

ఇంకో సంగతి కూడా ఆలస్యంగానే తెలిసింది. మన దేశంలో చౌక గంటలంటూ వస్తే అవి రాత్రివి కావు, పగటివి. 2023 జూన్‌లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. ఎండ ఉండే ఎనిమిది గంటల్లో ధర కనీసం 20 శాతం తగ్గాలి, సాయంత్రం గిరాకీ గంటల్లో పెరగాలి అని అందులో ఉంది. మన ఇళ్ళ బిల్లుల్లోకి ఆ లెక్క ఇంకా రాలేదు. వస్తే మాత్రం ఇంగ్లండు లెక్కకు తలకిందులుగా వస్తుంది. ఇక్కడ మిగిలిపోయేది మధ్యాహ్నపు సోలారు. కరువయ్యేది పొద్దుగూకాక, అందరూ లైట్లు, మోటార్లు, ఏసీలు వేసే వేళ. ఆ వేళ ఆదుకునేది మన నీళ్ళే. జూరాల దగ్గర 39 మెగావాట్ల యంత్రాలు ఆరు, దిగువన 40 మెగావాట్లవి ఆరు. శ్రీశైలం ఎడమగట్టున కొండ కింద 150 మెగావాట్లవి ఆరు. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ కొండ కిందనే మంటలంటుకుని తొమ్మిది మంది పోయారు. అచ్చంపేట దాటి అటు పోయినప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు. స్విచ్చు వేస్తే లైటు వెలగడం వెనక అంత ఉందని నేను బడిలో చెప్తాను, ఇంట్లో మాత్రం మరిచాను.

మేలో మిద్దె మీద 3 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించాను. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల సబ్సిడీ. పోర్టల్‌లో దరఖాస్తు, కరెంటాఫీసు అనుమతి, ఆ తర్వాత బిగింపు, ఆ తర్వాత నెట్ మీటరు, తనిఖీ. వరస అది. బిగించిన పిల్లగాడు పోయేటప్పుడు స్పష్టంగా చెప్పాడు. "సార్, కొత్త మీటరు పెట్టెదాంక ఈ ఎంసీబీ ఎత్తకుండ్రి." ఆ పిల్లవాడి తప్పు ఇందులో పిసరంత లేదు.

వాడు పోయిన మర్నాడే ఆ స్విచ్చు ఎత్తాను. ఎండాకాలం ఎండ, రోజుకు 12 యూనిట్లు ఊరికే పోతున్నాయే అన్న బాధ. మీటరు రాకున్నా ఇంట్లో ఫ్యాన్లకన్నా పనికొస్తాయి, మిగిలింది లైనులోకి పోతే పోనీ అనుకున్నాను. పక్కింటివాళ్ళను మిద్దె మీదికి పిలిచి చూపించాను కూడా.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం ఆమె రీడింగు రాసుకోవడానికి వరండాలోకి పోయి నన్ను పిలిచింది. ఇంట్లో అన్నీ బంద్ చేసి ఉన్నాయి. ఫ్రిజ్జు ప్లగ్గు కూడా తీసింది, అదేదో తేల్చుకోవాలని. పాత మీటరు ముందు ఇద్దరం నిలబడ్డాం. దాని మీద చిన్న అక్షరాల్లో 'యూనిట్‌కు 3200 మెరుపులు' అని అర్థమొచ్చేట్టు అచ్చై ఉంటుంది. పక్కనే ఆవగింజంత ఎర్రలైటు. ఏమీ నడవని ఇంట్లో అది మెల్లగా ఎప్పుడో ఒకసారి మెరవాలి, లేదా అసలే మెరవకూడదు. సెకనుకు రెండుసార్లు కొట్టుకుంటోంది, జ్వరం వచ్చిన పిల్లవాడి నాడిలాగా. ఆమె కొంగుతో చెమట తుడుచుకుని అడిగింది. "అన్నీ బంద్ జేసినం గద. మరి ఇదెందుకు ఇట్ల ఉరుకుతుంది?"

నేను మిద్దె మీదికి పరుగెత్తి ఎంసీబీ దించాను. కిందికొచ్చేసరికి లైటు ఆగిపోయింది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ ఉరుకు. ఆ పాత మీటరుకు దిక్కు తెలియదు. వైరులో కరెంటు లోపలికి వస్తోందా బయటికి పోతోందా దానికి పట్టదు, పోతే చాలు లెక్కేస్తుంది. తీగలు అటూ ఇటూ తిప్పి దొంగతనం చేయకుండా అలా తయారు చేస్తారట. నేను లైనులోకి ఊరికే పంపుతున్నాననుకున్న ప్రతి యూనిట్‌నూ అది నేను వాడినట్టు రాసుకుంది. 23 రోజులు. రోజుకు తొమ్మిది చొప్పున 207 యూనిట్లు. ఆ నెల ఏసీ, కారు కలిపి బిల్లు 697 యూనిట్లు చూపింది, కరెంటు చార్జీలే 5,511 రూపాయల 50 పైసలు. ఎంసీబీ ముట్టకుండా ఉంటే 560 దగ్గర ఆగేది, 4,210 అయ్యేది. డబ్బు సంగతి అటుంచితే, అనుమతి లేకుండా లైనులోకి కరెంటు పంపాను. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు కింద ఎవడో మిద్దె మీంచి కరెంటు వదులుతున్నాడని తెలియకపోతే ఏమవుతుంది? ఇన్వర్టరు లైను పోగానే దానంతటదే ఆగుతుంది నిజమే. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలియకుండానే ఎత్తాను. అది తలచుకుంటే ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి.

నెట్ మీటరు పెట్టాక లెక్క కుదిరింది. దాని బొత్తాం నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి అంకెలు వస్తాయి, తీసుకున్నవి వేరు, పంపినవి వేరు. ఆమె రెండూ రాసి తీసేస్తుంది. వాడకం 500, ప్యానెళ్ళు ఇచ్చినవి 360, బిల్లుకు వచ్చేది 140. 3,640 అయ్యే చోట 532. కారు పగలు పెట్టామా రాత్రి పెట్టామా అన్నది ఈ లెక్కకు పట్టదు. అయినా ఇప్పుడు టైమరుతో అర్ధరాత్రే పెడుతున్నాను. పైసల కోసం కాదు, సాయంత్రం ఏడింటి బరువులో నా కారు కూడా ఎందుకని.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక ఇంటి కథగా పోయేది.

వంగూరు మండలం కొండారెడ్డిపల్లి మా నాగర్‌కర్నూల్ జిల్లాదే, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు. 2025లో ఆ ఊరంతటినీ సోలారు చేశారు, దాదాపు ప్రతి ఇంటికీ 3 కిలోవాట్లు. ఒక ఆదివారం చూడటానికి పోయాను. పెంకుటింటి పక్క, రేకుల ఇంటి పక్క, కొత్త మిద్దె మీద, ఎటు చూసినా నీలి పలకలు. ఒక ముసలమ్మ మంచంలో కూర్చుని మీద ఉన్నదాన్ని చేత్తో చూపించి నవ్వింది. నా గుండె ఉప్పొంగింది. అట్నుంచి అటే ఆత్మకూరు మీదుగా జూరాల దాటి గద్వాలకు పోయాను, మా చెల్లె ఇంటికి.

చెల్లె, బావ ఇద్దరూ మగ్గం మీదే బతుకుతారు. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచును ఒంటికి కలిపే కుప్పడం పని కళ్ళు పొడిచే పని. చీర దిగితేనే చేతికి డబ్బు. వాళ్ళింట్లో నెలకు 110 యూనిట్లకు మించవు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద 200 లోపు వాడే తెల్ల రేషన్ కార్డు వాళ్ళకు జీరో బిల్లే వస్తోంది, వీళ్ళకూ అంతే. ఆ జీరో బిల్లు గోడ మేకుకు గుచ్చి ఉండగానే, దాని ముందే కూర్చుని నేను వాళ్ళకు సోలారు మీద పాఠం చెప్పాను. మిగిలింది అమ్ముకోవచ్చన్నాను. ఊరికి ఊరే పెట్టుకుంది, మీరెందుకు పెట్టుకోరన్నాను. బావ మెల్లగా అన్నాడు, "బిల్లే వస్తలేదు గద బావా, ఏం మిగుల్తది?" లెక్కల మాస్టారుకు మగ్గం నేసే మనిషి వేసిన ప్రశ్న అది. దానికి నేను జవాబు చెప్పలేదు. మాట దాటేసి ముప్పై ఏళ్ళ లెక్కలు చెప్పాను. చెల్లె నన్ను నమ్మింది. చిన్నప్పటి నుంచి నమ్ముతుంది.

2 కిలోవాట్లకు లక్షా ముప్పై వేలు. సబ్సిడీ 60 వేలు పోను 70 వేలు బ్యాంకు లోను, ఐదేళ్ళు, వడ్డీ 7 శాతం దగ్గర. కిస్తీ పధ్నాలుగు వందలకు కాస్త తక్కువ. కొండారెడ్డిపల్లిలో కేంద్రం సబ్సిడీకి తోడు ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధులు కలిశాయి. ఆ ముసలమ్మ నవ్వు వెనక కిస్తీ లేదు. నేను పలకలు చూశాను, పైసలు ఎవరు పెట్టారో చూడలేదు. నా ఇంట్లో సోలారు 9 రూపాయల యూనిట్‌ను మిగిలిస్తోంది. చెల్లె ఇంట్లో అది సున్నా రూపాయల యూనిట్‌ను మిగిలిస్తుంది. లైనుకు పంపిన యూనిట్ల లెక్క ఆరు నెలలకోసారి తేలుతుంది, కిస్తీ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖునే వస్తుంది. పైగా పడమటి పక్క రెండంతస్తుల మిద్దె ఉంది. మూడు దాటితే దాని నీడ ఒక పలక మీద పడుతుంది. ఒక్క పలక మీద పడితే ఆ వరస మొత్తం నీరసిస్తుంది. పెట్టించే ముందు సాయంత్రం దాకా ఒక్కరోజు ఆ మిద్దె మీద నిలబడితే కనపడేది. నేను చాయ్ తాగి రెండింటికే బయల్దేరాను.

డిసెంబరులో మా ఇంట్లో ఇంకొకటి జరిగింది. చిన్నదే, కానీ కళ్ళు తెరిపించింది. చలికి గీజరు ఎక్కువ నడిచింది, ఎండ తగ్గింది. నెల ముగియడానికి మూడు రోజుల ముందు ఆమె క్యాలెండరు దగ్గర నిలబడి చెప్పింది. "నికరం 186 అయింది. రెండు వందలు దాటితే మొదటికొస్తది. ఆదివారం పెబ్బేరు పెళ్ళికి బస్సుల పోదం." నేను బస్సులో పోదలచుకోలేదు, ప్లగ్గు పెట్టాను. 204 అయింది. 200 దగ్గర ఆగితే 820, 204కు 1,050 రూపాయల 80 పైసలు. నాలుగు యూనిట్లకు 230 రూపాయల 80 పైసలు. నాలుగు యూనిట్లంటే నా కారుకు 25 కిలోమీటర్లు.

ఆ రాత్రి క్యాలెండరు దించి మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. పాతవి కూడా ఉన్నాయా అని అడిగితే అటక మీంచి చుట్ట తీసిచ్చింది. పన్నెండేళ్ళ ఆదివారాలు. ఏ నెల వంద దాటిందో, ఏ నెల రెండు వందల ఒడ్డున ఆగిందో అన్నీ ఉన్నాయి. కొన్ని నెలల చివర్లో అంకె చుట్టూ చిన్న గుండ్రం చుట్టింది. ఏందిది అని అడిగాను. ఆ నెలల్లో చివరి రెండు మూడు రోజులు గీజరు వేయకుండా కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచిందట, దాటకుండా. నాకు ఆ వేడినీళ్ళు గుర్తున్నాయి, పొగ వాసనతో. ఎందుకు కాచిందో నేనెన్నడూ అడగలేదు. నాకు చెప్పలేదేం అన్నాను. చెప్పిననే అన్నది.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం గద్వాలకు పోతున్నాను. మొదటిసారి కిస్తీ మొత్తం నేనే కడతానని కవరు తీశాను. చెల్లె తీసుకోలేదు. "నువ్వు మంచికే చెప్పినవ్ అన్నా" అన్నది. ఆ మాటకన్నా తిట్టి ఉంటే బాగుండు. బావ ఏమీ అనలేదు, మగ్గం గుంటలోకి దిగిపోయాడు. చివరికి సగం నేను, సగం వాళ్ళు అన్న ఒప్పందానికి వచ్చాం, అదీ బావ తన నోటితో "సరే" అన్నాకే. పడమటి పలకను నీడ తప్పించి తూర్పు గోడ వైపు జరిపించాను, ఆ ఖర్చు నాది.

పోయినప్పుడల్లా తడిగుడ్డ తీసుకుని మిద్దె ఎక్కుతాను. మార్చి దుమ్ము పలకల మీద వేలితో రాస్తే పేరు కనపడేంత మందం పేరుకుంటుంది. పొద్దున్నే, అద్దం వేడెక్కకముందే తుడవాలి. కింద మగ్గం చప్పుడు ఆగి ఆగి వినపడుతుంటుంది. దిగి వచ్చి మీటరు బొత్తాం నొక్కుతాను. మొన్న చెల్లె కూతురు ఒక పెన్సిలు, కొత్త క్యాలెండరు పట్టుకొచ్చి పక్కన నిలబడింది. "అత్త ఫోన్ల చెప్పింది మామా, రెండూ రాసి తీసెయ్యాల్నంట. ఏది ముందు చెప్తవ్?"

తీసుకున్నది ముందు చెప్పాను.